సాదా కాగితం మీద దోస్తీ



ఈ పూట ఒక పాత హాలీవుడ్ సినిమా గురించి మాట్లాడదామని వచ్చాను. వచ్చింది మొయినాబాద్ మండలం చిన్న మంగళారం దిక్కు నుంచి. గుర్రాలు, తుపాకులు, దుమ్ము రేగే కొండదారులు ఉన్న సినిమాకూ, కూరగాయలూ పూలూ పండించే మీ ఊళ్ళకూ ఏం పొత్తు అని మీరు అడగొచ్చు. ఆ సినిమాలో ముగ్గురు మనుషులు కొండలో బంగారం తవ్వుకుంటారు. మా దగ్గర తవ్వే పని లేకుండానే ఉన్న భూమి ఉన్నచోటే బంగారమైంది. ఆ తర్వాత మనిషికీ మనిషికీ మధ్య నడిచిన కథ మాత్రం రెండు చోట్లా ఒకే తీరుగా ఉంది.

తెలుగువాళ్ళకు కౌబాయ్ సినిమా అనగానే ముందు గుర్తొచ్చేది కృష్ణ గారే. 1971లో వచ్చిన ‘మోసగాళ్ళకు మోసగాడు’. దాన్ని తీసిన పద్మాలయా వాళ్ళ మొదటి సినిమా ‘అగ్నిపరీక్ష’ ఆడలేదు. అలాంటి దెబ్బ తిన్నాక ఎవరైనా ఒక కుటుంబ కథ తీసుకుని ఊపిరి పీల్చుకుంటారు. వాళ్ళు మాత్రం ఆరుద్ర చేత కథ రాయించి, కె.ఎస్.ఆర్. దాస్‌కు దర్శకత్వం అప్పజెప్పి, కెమెరామన్ వి.ఎస్.ఆర్. స్వామితో సహా యూనిట్ మొత్తాన్నీ రాజస్థాన్ ఎడారికి తోలుకుపోయారు. తెగింపు అంటే అదీ. కృష్ణ గారు పోయాక, 2023 మే 31న, ఆయన పుట్టినరోజుకు ఆ సినిమాను మళ్ళీ థియేటర్లలో వేస్తే మనవళ్ళ వయసు పిల్లలు వెళ్ళి ఈలలు వేశారు.

ఆ సినిమాలో నిధి ఉంది, నాగభూషణం వేసిన జిత్తులమారి తోడు ఉన్నాడు, ఒకరినొకరు బోల్తా కొట్టించుకోవడం ఉంది. కానీ మోసం అక్కడ ఆట. వాడు వీణ్ణి ముంచితే మనం నవ్వుతాం, వీడు వాణ్ణి ముంచితే చప్పట్లు కొడతాం. నాకు ఆ సినిమా ఇష్టమే. కాకపోతే అది చూసి ఇంటికొచ్చాక ఎవరికీ నిద్ర పట్టకుండా పోదు. నిద్ర పట్టనివ్వనిది ఇంకొకటి ఉంది. 1948లో జాన్ హ్యూస్టన్ తీసిన ‘ది ట్రెజర్ ఆఫ్ ది సియెర్రా మాద్రె’.

కథ మెక్సికోలో జరుగుతుంది, కాలం 1925. టాంపికో పట్నంలో ఇద్దరు అమెరికన్లు, డాబ్స్, కర్టిన్, పని లేక తిరుగుతుంటారు. డాబ్స్ వేషం హంఫ్రీ బోగార్ట్‌ది. తెల్ల సూటు వేసుకున్న ఒక పెద్దమనిషిని ఆ డాబ్స్ చూసుకోకుండా మూడుసార్లు అడుక్కుంటాడు. ఆ పెద్దమనిషి వేషం వేసింది దర్శకుడు హ్యూస్టనే. చవక సత్రంలో వీళ్ళకు హోవార్డ్ అనే ముసలాయన తగులుతాడు. బంగారం కోసం దేశాలు తిరిగి, దొరికించుకుని, పోగొట్టుకుని, మళ్ళీ తిరిగినవాడు. ఆ వేషం వేసింది దర్శకుడి సొంత తండ్రి వాల్టర్ హ్యూస్టన్. కట్టుడు పళ్ళు తీసేసి మరీ నటించాడు. ఆ ఏటి సినిమాలకు ఇచ్చిన ఆస్కార్లలో కొడుక్కు దర్శకత్వానికీ స్క్రీన్‌ప్లేకీ, తండ్రికి సహాయ నటుడిగానూ బహుమతులొచ్చాయి.

ముసలాయన సత్రంలోనే ఉన్నమాట చెప్పేస్తాడు. బంగారం దొరకనంతకాలం దోస్తీ బాగానే ఉంటుంది, దొరికాకే గొడవంతా అని. డాబ్స్ ఒప్పుకోడు. తను అనుకున్నంత దొరికితే చాలు, అంతకు మించి ఒక్క ఔన్సు ముట్టనంటాడు. అన్నప్పుడు వాడు అబద్ధం ఆడటం లేదు, మనస్ఫూర్తిగానే అంటాడు. డాబ్స్‌ను చాలామంది విలన్ అంటారు గానీ నేను ఒప్పుకోను. పుట్టు దుర్మార్గుడైతే ఆ మాటకు అంత బరువుండేది కాదు.

ముగ్గురూ చేతులు కలుపుతారు. కాగితం లేదు, సాక్షి లేడు. డాబ్స్‌కు లాటరీలో కొంత డబ్బు తగిలితే, కర్టిన్ వాటాకు తక్కువ పడ్డదీ తనే వేస్తాడు. దోస్తుల మధ్య లెక్కలేంటి అన్నట్టు.

ఇక్కడ సినిమాను కాసేపు ఆపి మా ఊళ్ళ సంగతి చెప్తాను.

తెలంగాణ పల్లెల్లో సాదాబైనామా అంటే తెలియని రైతు లేడు. రిజిస్ట్రేషన్ ఆఫీసుకు పోకుండా తెల్ల కాగితం మీద రాసుకున్న భూమి అమ్మకం. అమ్మేవాడి పేరు, కొనేవాడి పేరు, ఇన్ని ఎకరాల ఇన్ని గుంటలు, తూర్పున ఫలానావాడి చేను, పడమర వాగు, ఉత్తరాన బండ్ల బాట, దక్షిణాన ఇంకొకరి గెట్టు. కింద అమ్మినవాడి వేలిముద్ర, ఇద్దరు సాక్షుల సంతకాలు. సగం సార్లు ఆ ఇద్దరూ ఇద్దరికీ దోస్తులే. ఆడబిడ్డ పెళ్ళికో, బోరు ఎండిపోయో, ఆసుపత్రి ఖర్చుకో ఒకడు అమ్ముతాడు, పక్క చేనువాడు కొంటాడు. స్టాంపు ఖర్చులు ఎందుకు, మనం మనం ఒకటే కదా అంటారు. ఆ రోజు నుంచి కొన్నవాడు దున్నుకుంటాడు, అమ్మినవాడు ఆ దారిన పోతూ చేను ఎట్లుందని అడుగుతాడు. సర్కారు కాగితంలో పట్టాదారు పేరు మాత్రం మారదు. ఎకరం వేలల్లో ఉన్నన్నాళ్ళు ఆ పేరుతో ఎవరికీ పని పడలేదు.

తర్వాత ధర లేచింది. ఔటర్ రింగ్ రోడ్డు వచ్చింది, ఐటీ కంపెనీలొచ్చాయి. మా పక్కన గండిపేట మండలంలోని కోకాపేటలో 2023 ఆగస్టులో వేలం వేస్తే ఎకరం 100 కోట్లు దాటింది. ఆ ధర మా ఊళ్ళలో లేదు. కానీ ఆ వార్త విన్న రాత్రి మా దిక్కు ప్రతి రైతూ మంచంలో పడుకుని ఒక లెక్క చేసుకునే ఉంటాడు.

ఇప్పుడు మళ్ళీ కొండమీదికి.

బంగారం దొరికింది. మొదట్లో అంతా ఒకచోటే దాచుకుంటారు. ఏ రోజు వాటా ఆ రోజు పంచుకుందాం, ఎవరిది వాడే దాచుకుందాం అన్న ముచ్చట డాబ్స్ నోటి నుంచే వస్తుంది. సరేనంటారు. అక్కడి నుంచి రాత్రిళ్ళు మారిపోతాయి. ఒకడు లేచి బయటికి పోతే మిగతా ఇద్దరికీ మెలకువ వస్తుంది. వాడు తిరిగొచ్చి పడుకుంటాడు, ఇంకొకడు లేస్తాడు. ఎవరూ ఏమీ దొంగిలించలేదు. ఒక్క పొడి గింజ కూడా అటుదిటు కాలేదు. అయినా ముగ్గురికీ నిద్ర పోయింది. లాటరీ డబ్బు కూడా అప్పుడే గుర్తొస్తుంది, నేను ఎక్కువ పెట్టాను కదా అని. కర్టిన్ తను పడ్డ బాకీని బంగారప్పొడిగా తూచి ఇచ్చేస్తే, డాబ్స్ దాన్ని విసిరి పారేస్తాడు. ఊరికే అన్నానంటాడు. ఊరికే అన్న మాటకు అందరూ తలలూపుతారు గానీ ఎవరూ మరిచిపోరు.

మా దగ్గర ఆ తూకం రైతుబంధుతో మొదలైందని నా అంచనా. 2018 మేలో ఆ పథకం వచ్చినప్పుడు ఎకరానికి పంటకు 4 వేలు, తర్వాత 5 వేలు. డబ్బు అందేది పట్టాదారుకే. సాదాబైనామా మీద కొనుక్కుని ఇరవై ఏళ్ళుగా దున్నుతున్నవాడికి ఏమీ రాలేదు, ఎప్పుడో అమ్మేసి పట్నంలో ఉంటున్నవాడి సెల్‌ఫోన్‌కు మెసేజి వచ్చింది. కొందరు ఆ డబ్బు డ్రా చేసి తెచ్చి, “ఇగో మామా, నీ పైసలు” అని చేతిలో పెట్టారు. కొందరు మొదటిసారి ఇచ్చి రెండోసారి మరిచారు. కొందరు సగం ఇచ్చారు. ఇంకొందరు, సర్కారు నా పేరు మీద వేసింది నీకెందుకియ్యాలె అన్నారు. నాలుగైదు వేల రూపాయలు, అంతే. ఆ చిన్న డబ్బు దగ్గర ఎవడు ఎట్ల నిలబడ్డాడో తర్వాత కోట్ల దగ్గరా దాదాపు అట్లనే నిలబడ్డాడు. అదే రోజుల్లో రెవెన్యూ రికార్డుల్లో అనుభవదారు కాలమ్ తీసేశారు. భూమి మీద ఎవడున్నాడో కాగితానికి తెలియకుండా పోయింది. పేరున్నవాడే ఆసామి.

సినిమాలో నేను మళ్ళీ మళ్ళీ తలుచుకునే ఘట్టం ఒకటుంది. సొరంగంలో డాబ్స్ పని చేస్తుండగా దూలం జారి పైకప్పు కూలుతుంది. బయట ఉన్నది కర్టిన్ ఒక్కడే. పరుగెత్తుకుని సొరంగం నోటిదాకా వస్తాడు. వచ్చి ఆగుతాడు. వెనక్కి తిరిగి రెండడుగులు వేస్తాడు. లోపలివాడు పోతే వాటాలు మూడు కాదు, రెండు. ఆ మాట ఎవరూ అనరు. మళ్ళీ తిరిగి లోపలికి దూకి, మట్టి తవ్వి డాబ్స్‌ను ఈడ్చుకొస్తాడు. సినిమా మొత్తంలో మంచివాడు కర్టినే. ఆ మంచివాడు కూడా రెండడుగులు వెనక్కి వేశాడు. తన ప్రాణం కాపాడిన మనిషికి డాబ్స్ కృతజ్ఞతలు చెప్తాడు. ఆ రెండడుగుల సంగతి ప్రేక్షకుడికి తెలుసు, వాడికి తెలియదు. కర్టిన్‌కు మాత్రం తెలుసు, అందుకే తర్వాత ఎంత పెద్ద గొడవ జరిగినా అతను డాబ్స్ కంటే ఒక మెట్టు కింద నిలబడినట్టే మాట్లాడతాడు.

ఆ తర్వాత నాలుగోవాడు వస్తాడు. పేరు కోడీ. వీళ్ళ ఆనవాళ్ళు పట్టుకుని కొండకు వచ్చి, నన్నూ కలుపుకోండి అంటాడు. ఇకనుంచి దొరికేదాంట్లోనే వాటా ఇవ్వండి, ఇప్పటిదాకా తవ్వుకున్నది నాకొద్దు అంటాడు. న్యాయమైన బేరమే. వాళ్ళ చేతిలో మూడు దారులున్నాయని వాళ్ళకు వాడే విప్పి చెప్తాడు. కలుపుకోవాలి, లేదంటే తరిమేయాలి, లేదంటే చంపేయాలి. ముగ్గురూ పక్కకు పోయి మాట్లాడుకుంటారు. తరిమితే పోయి ఎవరికో చెప్తాడు. కలుపుకుంటే వాటా. చంపుదామని ఒకడంటాడు, సరే అని ఇంకొకడు. కర్టిన్ కూడా సరే అంటాడు. అంత లోకం చూసిన హోవార్డ్ కూడా అడ్డు చెప్పడు.

నాకు ఈ సినిమాలో భయం వేసేది ఇక్కడే. తర్వాత డాబ్స్ పిచ్చెక్కి చేసేవన్నీ ఒంటరివాడి పనులు, వాటిని చూసి మనం అయ్యో అనుకుంటాం. కోడీ సంగతి అట్లా కాదు. ముగ్గురు మామూలు మనుషులు, కోపం లేకుండా, కేకల్లేకుండా, పంచాయతీలో తీర్మానం చేసినట్టు ఒక మనిషి ప్రాణం తీయడానికి ఒప్పుకున్నారు. ఒక్కడే అయితే చెయ్యి వణికేది. ముగ్గురు కలిస్తే అది తప్పులా కాకుండా పనిలా కనిపించింది. తీరా చంపే లోపలే బందిపోట్లు కొండెక్కుతారు, వాళ్ళతో జరిగిన కాల్పుల్లో కోడీ వీళ్ళ పక్కన నిలబడి కొట్లాడి చనిపోతాడు. వీళ్ళ చేతికి నెత్తురంటలేదు. కానీ ఒప్పుకోవడం ఒప్పుకున్నదే.

మా ఊళ్ళ మీదుగా ఇట్లాంటి ఒప్పుకోళ్ళు ఎన్నో నడిచాయి. మూసీ మీద 1920లో కట్టిన ఉస్మాన్‌సాగర్, అంటే గండిపేట, ఈసీ వాగు మీద 1927లో కట్టిన హిమాయత్‌సాగర్, ఈ రెంటికీ నీళ్ళొచ్చే నేల మాది. 1908లో మూసీకి వచ్చిన వరద హైదరాబాదును ముంచితే, మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారి సలహాతో కట్టుకున్న చెరువులవి. ఆ నీళ్ళు పాడుకావద్దని 1996 మార్చి 8న 111 జీవో ఇచ్చారు. చెరువుల చుట్టూ పది కిలోమీటర్ల మేర 84 ఊళ్ళలో కట్టడాల మీద ఆంక్షలు పెట్టారు. దాంట్లో మొయినాబాద్ ఉంది, శంషాబాద్ ఉంది, శంకర్‌పల్లి, చేవెళ్ళ పల్లెలున్నాయి. ఆ జీవోతో నష్టపోయామని మా రైతులు పాతికేళ్ళు మొత్తుకున్నారు, దాంట్లో న్యాయం ఉంది. రోడ్డు అవతల ఎకరానికి ఒక ధర, ఇవతల పదోవంతు అంటే ఎవరికైనా కడుపు మండుతుంది. 2022 ఏప్రిల్‌లో 69 జీవో ఇచ్చి ఆ ఆంక్షలు సడలించారు, 2023 మేలో పాత జీవోను పూర్తిగా ఎత్తేయాలని అప్పటి మంత్రివర్గం నిర్ణయించింది.

నేను చెప్పేది జీవో మంచిదా చెడ్డదా అని కాదు. అది ఉన్న రోజుల్లో మేం ఏం చేశామన్నది. ఫామ్‌హౌసుల పేరుతో ఇళ్ళు లేచాయి. ఎకరాన్ని గుంటల లెక్కన ముక్కలు చేసి, పొలం పేరుతో ప్లాట్లు అమ్మారు. గుంట అంటే 121 గజాలు, దాంట్లో ఎవరూ వరి వేయరు. కొనేవాడికి తెలుసు, అమ్మేవాడికి తెలుసు, మధ్యలో పర్సెంటు తీసుకునేవాడికి ఇద్దరికంటే ఎక్కువ తెలుసు. ఇద్దరు దోస్తులు కలిసి వెంచర్ చేస్తుంటే, వాగు పక్కన కొంచెం మట్టి పోయించాల్సి వస్తుంది. ఒకడు వద్దంటాడు. “అందరు చేస్తున్నదే కదరా, మనమొక్కళ్ళమేనా” అంటాడు ఇంకొకడు. ఆ వద్దన్నవాడు ఇంకో మాట మాట్లాడడు. కోడీ విషయంలో హోవార్డ్ ఊకున్నట్టే ఊకుంటాడు. వాగుకు చెప్పుకునే నోరు లేదు, కింద గండిపేట నీళ్ళు తాగేవాడు సమావేశంలో లేడు.

సినిమాలో ముసలాయన ఒక పని చేయిస్తాడు. బంగారం చాలనుకున్నాక దిగిపోవచ్చు కదా, దిగనివ్వడు. కొండకు గాయం చేశాం, పూడ్చిపెట్టి పోదామంటాడు. డాబ్స్‌కు చిరాకు, రోజులు దండగని. కర్టిన్‌కు ఆ ఆలోచన నచ్చుతుంది. తవ్విన గోతులు పూడుస్తారు, కట్టిన కాలువలు విప్పుతారు, కొండను మునుపటిలా చేసి మరీ దిగుతారు. సినిమా పండితులు ఈ ఘట్టం గురించి ఎక్కువ మాట్లాడరు. మా దిక్కు మనిషికి మాత్రం ఇక్కడ కళ్ళు ఆగుతాయి. వాగులో పోసిన మట్టిని మళ్ళీ తీసిన వెంచరు ఒక్కటి నాకు ఎదురుపడలేదు.

మిగతా కథ త్వరగా చెప్తాను. దారిలో ఒక పల్లెవాళ్ళ పిల్లవాణ్ణి బతికించినందుకు, వాళ్ళ పట్టు మీద హోవార్డ్ ఆగిపోవాల్సి వస్తుంది. తన వాటా దోస్తులకు అప్పజెప్పి, మీరు ముందు నడవండి అంటాడు. ముసలాయన సొమ్ము మనం పంచుకుందామంటాడు డాబ్స్. కర్టిన్ కుదరదంటాడు, ఎదురుగా లేని మనిషి సొమ్ము ముట్టనంటాడు. సొరంగం ముందు ఆగిన కాళ్ళు ఈసారి ఆగలేదు. రాత్రంతా ఒకణ్ణొకడు కాపలా కాస్తూ కూర్చుంటారు, నిద్రకు ఆగలేక కర్టిన్ కన్ను మూస్తాడు. డాబ్స్ అతన్ని కాల్చి పడేసి పోతాడు. కర్టిన్ చావడు. ఒంటరిగా పోతున్న డాబ్స్‌ను గాడిదల కోసం, వాడి కాళ్ళ బూట్ల కోసం బందిపోట్లు చంపుతారు. మూటల్లో ఉన్నది ఇసుక అనుకుని చించి పారబోస్తారు. గాలికి బంగారమంతా వచ్చిన కొండదిక్కుకే కొట్టుకుపోతుంది. పది నెలల కష్టం. ముసలాయన పడీ పడీ నవ్వుతాడు.

కోడీ చనిపోయినప్పుడు అతని జేబులో భార్య రాసిన ఉత్తరం దొరుకుతుంది. పండ్లతోట పూతకొచ్చింది, కోతల నాటికి ఇంటికి రమ్మని. ఆ తర్వాత కర్టిన్, తన వాటాలో కొంత ఆమెకు ఇవ్వాలనుకుంటాడు. చివరకు ఇవ్వడానికి బంగారం మిగలదు. అయినా డాలస్‌లో ఉన్న ఆమె దగ్గరికి పోయి ఉన్న సంగతి చెప్పడానికి బయల్దేరతాడు. చంపడానికి ఒప్పుకున్న ముగ్గురిలో తనూ ఒకడని ఆమెకు చెప్తాడో లేదో సినిమా మనకు చూపించదు.

చెప్పాల్సిన చోటికి పోయి నిలబడటం ఎంత కష్టమో మా తహసీల్దార్ ఆఫీసుల్లో చూడాలి. సాదాబైనామాలను పక్కా చేయడానికి 2020 చివర్లో సర్కారు దరఖాస్తులు అడిగితే రాష్ట్రమంతా లక్షల్లో పడ్డాయి. 2014 జూన్ 2కు ముందు కొన్నవాళ్ళకే ఆ అవకాశం. ఏళ్ళ తరబడి కోర్టు వ్యాజ్యాల మధ్య అవి నానాయి. 2025లో భూభారతి చట్టం వచ్చాక మళ్ళీ కదలిక మొదలైంది. విచారణ పద్ధతి పైకి చూస్తే తేలికే. కొన్నవాడి దగ్గర మడతలు పడి చినిగిపోబోతున్న తెల్ల కాగితం ఉంటుంది. అమ్మినవాడికి నోటీసు పోతుంది. వాడు బతికి లేకపోతే వారసులకు. పక్క చేలవాళ్ళను అడుగుతారు.

ఒక కేసు అనుకోండి. వేలిముద్ర వేసినాయన ఎప్పుడో పోయాడు. సాక్షుల్లో ఒకరు లేరు, ఒకరికి చెవులు వినబడవు. పట్టా ఆయన పేరు మీద నుంచి కొడుకు పేరు మీదికి వచ్చేసింది. బయట కారులో బయానా పట్టుకుని ఒక మధ్యవర్తి కూర్చుని ఉన్నాడు. ఆ కొడుక్కు తన తండ్రి ఆ భూమి అమ్మిన సంగతి తెలుసు, ఆ పైసలతోనే అక్క పెళ్ళయిన సంగతి తెలుసు. దున్నుకుంటున్నాయన్ని చిన్నప్పటి నుంచి కాకా అనే పిలిచాడు. తెలవదు సార్ అంటే చాలు, కోట్లు అతనివే, చట్టం కూడా అడ్డుపడదు.

కొందరు తెలవదు సార్ అన్నారు. చాలామందే అన్నారు. కొందరు మాత్రం టేబులు ముందు నిలబడి, కాకా మొహం చూడకుండా, ఆఫీసరు వైపే చూస్తూ చెప్పారు. “అవు సార్, మా నాయన అమ్మిండు. కాగితం నిజమే. నన్ను సంతకం ఎక్కడ పెట్టమంటరు?”